కారు కింద సమ్మె

పోయిన వారం మనం లిడియాను ఆమె ఇంటి గేటు దగ్గరే వదిలేసి వచ్చాం. ప్రార్థన కూటం నుంచి వచ్చిన ఆమెకు వాకిట్లో కారు ఇటుకల మీద నిలబడి కనిపించింది. కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి చాపి ఉన్నాయి. వాటికి తెల్ల సాక్సులు ఉన్నాయి కాబట్టి అవి తన భర్త మోషేవేనని గుర్తుపట్టింది. మెదక్ మొత్తంలో సాక్సులేసుకుని కారు కిందికి దూరే మనిషి ఇంకొకరు లేరు.

మధ్యలో వచ్చి చేరినవాళ్లకు సంగతి ఇది. మోషే సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి పొద్దున సమ్మె టెంటులో కూర్చుని, జై కొట్టి, టీ తాగి, ఎండ ఎక్కేలోపు ఇల్లు చేరుతున్నాడు. ఆఫీసు నడిచిన రోజుల్లోనూ దాదాపు ఇదే టైంటేబులు, జై ఒక్కటే కొత్త. లిడియా నర్సింగ్ చదివింది. పెళ్లయ్యాక ఆ చదువును బీరువాలో పట్టుచీరల కింద పెట్టి, బడిలో చిన్నపిల్లలకు ఏబీసీడీలు చెప్పుకుంటూ వచ్చింది. ఇన్నేళ్లకు హైదరాబాదులో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీ వాళ్లు ట్యూటర్‌గా తీసుకుంటామన్నారు. రేపు పొద్దున వచ్చి చేరాలి, లేకుంటే వరసలో ఆమె తర్వాత ఉన్న మనిషిని పిలుచుకుంటారు. బస్సులు డిపోలోంచి కదలడం లేదు. ఆటోలు, జీపులు కూడా ఈ వారం బందులో కలిశాయి. వేరే వాళ్ల కారు అడుగుదామంటే, సొంత కారున్న ఇల్లు ఇంకొకరి కారు అడిగితే పరువు ఏమైపోవాలి? కాబట్టి హైదరాబాదుకు మిగిలిన దారి ఒక్కటే, అది ఇప్పుడు ఇటుకల మీద ఉంది.

ఆ కారు గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకోవాలి. సెకండ్ హ్యాండులో కొన్నదే అయినా సీట్ల మీది ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ విప్పలేదు. ఎండాకాలం దాని మీద కూర్చుంటే చొక్కా వీపుకు అంటుకుంటుంది, మనిషి దిగినా చొక్కా దిగదు. కారు పైన ఇంకో గుడ్డ కవరు, దాని మీద వాన పడకుండా ఇంకో టార్పాలిన్. చర్చి ఇంటి నుంచి నడిచిపోయేంత దూరమే. అయినా క్రిస్మస్‌కు కారులోనే పోతారు. అక్కడ బండి పెట్టే జాగా దొరక్క, ఇంటికన్నా దూరంగా ఎక్కడో ఆపి, నడుచుకుంటూ వస్తారు.

లిడియాకు డ్రైవింగ్ నేర్పించింది కూడా మోషేనే. చర్చి స్త్రీల సమాజంలో లైసెన్సు ఉన్న మనిషి తన ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టాడు. లైసెన్సు వచ్చింది, దానికి లామినేషన్ చేయించాడు, చుట్టాలకు చూపించాడు. ఆ తర్వాత కారు కడిగే రోజున గేటు దాకా ముందుకూ, నల్లా దాకా వెనక్కూ నడపడానికి మాత్రం ఆమెకు అనుమతి ఉండేది.

ఇక వాకిట్లోకి పోదాం.

"ఏం చేస్తుండ్రు?" అంది లిడియా.

"కన్వర్టర్ మారుస్తున్న," అన్నాయి సాక్సులు.

ఇంజను పొగ సైలెన్సర్‌కు పోయే దారిలో, కారు పొట్ట కింద సొరకాయంత ఇనుప డబ్బా ఒకటి ఉంటుంది. దాని లోపల తేనెతుట్టెలో లాగా సన్న సన్న చిల్లులు. పొగలోని విషం ఆ చిల్లుల్లో చచ్చిపోయి, మిగతాది బయటికి వస్తుంది. ఏళ్ల తరబడి విషం మింగుతూ, ఎవరికీ కనబడకుండా, కిక్కురుమనకుండా పడి ఉండేది ఆ ఇంట్లో ఆ డబ్బా ఒక్కటే అని మోషే అనుకునేవాడు.

డబ్బా మూసుకుపోయిందనీ, అందుకే బండికి పికప్ తగ్గిందనీ అతను వారం నుంచి అంటున్నాడు. టార్పాలిన్ కింద నిలబడి ఉన్న కారుకు పికప్ తగ్గిన సంగతి ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. కొత్త డబ్బాను ఎవరి చేతనో హైదరాబాదు నుంచి తెప్పించాడు. అది అట్టపెట్టెతో సహా టీవీ పక్కన షోకేసులో ఉంది, వచ్చినవాళ్లందరూ చూసి వెళ్లారు. అయితే అది వచ్చిననాడు లేని తొందర ఈ పొద్దున్నే ఎందుకు వచ్చింది? సాక్సుల జవాబేమిటంటే, రేపు దూరం పోవాల్సిన బండి కాబట్టి, దారిలో ఆగిపోతే లిడియానే పరేషాన్ అవుతుంది కాబట్టి, ఇదంతా ఆమె కోసమే.

ఈ మరమ్మతుకు ప్రేక్షకులు ఇద్దరు. ఒకరు పక్కింటి బక్కయ్య. రిటైరైన మనిషి, రోజూ పేపరు చదవడానికి వస్తాడు. పేపరు మోషేది, కుర్చీ మోషేది, అభిప్రాయాలు మాత్రం తనవే తెచ్చుకుంటాడు. ఇంకొకరు మోషే అక్క వజ్రమ్మ. ఎన్నడో వారం రోజులుండి పోతానని కౌడిపల్లి నుంచి వచ్చింది. ఆ వారం ఇంకా అయిపోలేదు. అత్తగారింటికి ఎందుకు పోవడం లేదని అడిగితే బాగుండదని తమ్ముడు అడగలేదు. చెబితే బాగుండదని ఆమె చెప్పలేదు. బాగుండటం మీద అంత పట్టింపు ఉన్న కుటుంబం అది. ఇప్పుడు వజ్రమ్మ కడప మీద కూర్చుని గోరుచిక్కుడు తుంచుతోంది. లిడియా ఉద్యోగం మాట వచ్చినప్పుడల్లా, ఇంటి కోడలు ఊరు దాటితే ఇంటికి తాళం పడుతుందని ఆమె అంటుంది. ఈ పొద్దున ఏమీ అనలేదు.

లిడియా రాకముందు మోషే బక్కయ్యకు పెద్ద పాఠమే చెప్పాడు. డబ్బా మంచిదో చెడ్డదో తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదట. విప్పి ఎండకు పట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు చూడాలట. మంచిదైతే చిల్లుల్లోంచి వెలుతురు వస్తుంది. మూసుకుపోతే లోపల అమావాస్యేనట. బక్కయ్య ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుని మరీ విన్నాడు. ఇల్లు చేరగానే భార్యకు తన సొంత జ్ఞానంగా చెప్పాలి కదా.

మోషే బయటికి వచ్చాడు. ముఖం మీద మసి, చేతిలో ఆక్సా బ్లేడు, పక్కన పాత డబ్బా. ఒక చిన్న చిక్కు వచ్చిపడిందన్నాడు. పాత బోల్టులు తుప్పు పట్టి ఊడకపోతే కోయాల్సి వచ్చింది. తీరా చూస్తే కొత్తదానితో బోల్టులు రాలేదు. హార్డ్‌వేర్ షాపులు బంద్. ఇక సమ్మె అయ్యేదాకా కారు ఇటుకల మీద ఉండాల్సిందే. ఈ మాటలు చెప్పినప్పుడు అతని గొంతులో బాధ లేదని కాదు. కూరలో ఉప్పు తక్కువైతే పడే బాధలో సగం దాకా ఉంది.

లిడియా వంగి పాత డబ్బాను తీసుకుంది. నర్సులకు ఒక అలవాటు ఉంటుంది. ఎక్స్‌రే అయినా, సెలైన్ సీసా అయినా, చేతికి వచ్చిందాన్ని ముందు వెలుతురుకు పడతారు. ఆమె డబ్బాను ఎండకు పట్టి, ఒక కన్ను మూసి, రెండో కంటితో చూసింది.

బక్కయ్య పేపరు దించాడు. పొద్దున పాఠం విన్న విద్యార్థి కాబట్టి ఆగలేకపోయాడు.

"ఎలుతురు కనబడుతుందా, లిడియమ్మా?"

"కనబడుతుంది," అంది లిడియా. "చర్చి గోపురం గూడ కనబడుతుంది. సూస్తరా?"

బక్కయ్య చూశాడు. చూసి, డబ్బాను చంటిపిల్లను దించినట్టు మెల్లగా నేల మీద పెట్టి, ఇంట్లో ఏదో పని ఉందన్నాడు. ఆయనకు ఇంట్లో పని ఉండటం రిటైరయ్యాక ఇదే మొదటిసారి. గేటు దాటి పోయాడు కానీ ఇల్లు చేరలేదు. గోడ మీద ఆయన బట్టతల పై సగం కనబడుతూనే ఉంది.

లిడియా నేల మీది బోల్టు ముక్కలను ఏరి అరచేతిలో పోసుకుంది. కొన్ని తుప్పు పట్టి నల్లగా ఉన్నాయి. అవి కోయాల్సినవే. మిగతావి తళతళ మెరుస్తున్నాయి. కిరసనాయిలు పోస్తే వేళ్లతో ఊడేవి. వాటినీ కోశాడు. ఆమె వాటిని భర్త ముందు పట్టుకుని నిలబడింది. పెళ్లిళ్లలో తాంబూలం ఇచ్చేవాళ్లు నిలబడినట్టు ఓపిగ్గా నిలబడింది. మోషే వాటిని చూసి, తుప్పు కొన్నిసార్లు లోపలి నుంచి పడుతుందన్నాడు.

"ఔ," అంది లిడియా. "లోపటి నుంచే పడ్డది. నాకు కొలువు వచ్చినప్పుడల్లా ఈ ఇంట్ల ఏదో ఒకటి ఖరాబైతది. కౌడిపల్లి దవాఖానల పిలిచిన్నాడు స్కూటరు ఖరాబైంది. మిషన్ దవాఖాన వాళ్లు పిలిస్తె మీ నడుము ఖరాబైంది. నెల రోజులు కాపడం పెట్టిన. వాళ్లు వేరేటామెను పెట్టుకున్న తెల్లారి, మీరు లేసి షటిల్ ఆడనీకి పోయిండ్రు. నేను గప్పుడు గూడ ఏమనలే."

మోషేకు ఇక మిగిలింది ఉద్యమమే. అతను నిటారుగా నిలబడి, టెంటులో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాడు. తెలంగాణ మొత్తం పని బంద్ పెట్టి కూర్చుంది. బొగ్గు ఆగింది, బస్సు ఆగింది, బడి ఆగింది. ఇట్లాంటప్పుడు తన ఇంటామె పోయి కొత్తగా పనిలో చేరితే, రేపు టెంటులో నలుగురి ముందు తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? నలుగురు ఏమనుకుంటారు? ఆ నలుగురు ఎవరని మాత్రం చెప్పలేదు. మధ్యతరగతి ఇళ్లలో ఆ నలుగురిని ఎవరూ చూసింది లేదు, వాళ్లకు భయపడని ఇల్లూ లేదు.

తెలంగాణ వచ్చినా రోగాలు ఆగవు, నర్సులు కావాలె, వాళ్లకు చెప్పేటోళ్లు గూడ కావాలె, అంది లిడియా. ఆపైన ఒక్కటే అడిగింది, ఇప్పుడు ఏం చేద్దామని.

దానికి మోషే చేసిన పని మెదక్ చరిత్రలో ఎవరూ చేసి ఉండరు. చాపను సరిచేసుకుని, మళ్లీ కారు కిందికి పోయి, వెల్లకిలా పడుకున్నాడు.

"నేను గూడ సమ్మెల ఉన్న," అన్నాడు లోపలి నుంచి. "నా మాట ఇనేదాక బయటికి రాను. బండి కదలది."

వజ్రమ్మ చేతిలో గోరుచిక్కుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ టప్పుమని విరిగింది. గోడ మీది బట్టతల ముక్కు దాకా పైకి లేచింది.

లిడియా బక్కయ్య కుర్చీని లాక్కుని ముందు చక్రం పక్కన వేసుకుని కూర్చుంది. నర్సింగ్ చదివిన రోజుల నుంచీ ఆమెకు మొండి రోగులు కొత్త కాదు. సమ్మె అన్నాక డిమాండ్లుంటాయి కదా, అవేమిటో చెప్పమంది. మోషే చెప్పాడు. మొదటిది, సమ్మె అయ్యేదాకా ఆమె హైదరాబాదు మాట ఎత్తకూడదు. రెండోది, ఉద్యోగమే కావాలంటే మెదక్‌లోనే చూసుకోవాలి, అది కూడా పొద్దున తొమ్మిదిన్నర తర్వాత మొదలై నాలుగింటికల్లా అయిపోయేది. మూడోది ఏమిటంటే, ఆదివారం నాడు చికెన్‌లో ఆలుగడ్డ వేయడం మానేయాలి. ఎప్పటి నుంచో చెబుదామనుకుంటున్నాడట. సందర్భం ఇప్పటికి కుదిరింది.

"సరే," అంది లిడియా. "ఆలుగడ్డ ముచ్చట ఒప్పుకున్న. మిగతయి ఆలోచన చేస్త. గని ఒకటి చెప్పుండ్రి. ఈ డబ్బా లేకుంట బండి నడుస్తదా?"

కారు కింద మౌనం. అది మామూలు మౌనం కాదు. ఒక మనిషిలో ఉద్యమానికీ జ్ఞానానికీ యుద్ధం జరుగుతున్న మౌనం. మోషేను ఎవరైనా ఏదైనా అడిగి, జవాబు లేకుండా వెనక్కి పోయింది ఇంతవరకూ లేదు. రైలు టైములు, షుగరు జబ్బు, రాజ్యాంగం, బోరు ఎన్ని అడుగులు వేయాలి, అన్నిటికీ అతని దగ్గర జవాబు ఉంటుంది. తెలియకపోతే ఇంకా పెద్ద జవాబు ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్నకు అతను నోరు మూసుకుని ఉంటే రేపు పొద్దునకల్లా అతని సమ్మె గెలిచేది.

"నడువకేం," అన్నాడు. "ఇంకా మంచిగ గుంజుతది."

తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. సప్పుడు మాత్రం మస్తు వస్తుందన్నాడు. మీటరు దగ్గర పసుపు లైటు వెలుగుతుంది, దానికి పరేషాన్ కావద్దన్నాడు. వెనక సైలెన్సర్ గొట్టం వేలాడకుండా తీగతో గట్టిగా కట్టాలి. పొగ కాళ్ల దగ్గరే బయటికి వస్తుంది కాబట్టి అద్దాలన్నీ దించుకునే నడపాలి, లేకుంటే నిద్ర వచ్చినట్టు వచ్చి మనిషి పోతాడు. హైదరాబాదులో షాపులు ఇక్కడిలా బంద్ లేవు, చేరాక ఏ మెకానిక్ అయినా అరగంటలో బోల్టులు వేసి డబ్బా బిగిస్తాడు. అంతా చెప్పి, అప్పుడు ఆగాడు. ఏం చెప్పాడో తనకు తనే వినబడినట్టుంది. సాక్సుల్లో కాలి వేళ్లు ముడుచుకున్నాయి.

లిడియా లేచింది. ఇంట్లోకి పోయి బట్టల బ్యాగు, సర్టిఫికెట్లు, కొత్త డబ్బా అట్టపెట్టెతో సహా తెచ్చి వెనక సీట్లో పెట్టింది. ఇవాళే పోయి రాత్రికి సికింద్రాబాదులో తమ్ముడి ఇంట్లో పడుకుంటానంది. బట్టలారేసే తీగను విప్పి చుట్ట చుట్టుకుని, కారు వెనక్కి వచ్చి వంగింది. ఇద్దరి ముఖాలూ కారు కింద, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, జానెడు దూరంలోకి వచ్చాయి.

"జర జరుగుండ్రి, గొట్టం కట్టాలె."

మోషే జరగలేదు. పైన ఇనుప గొట్టాల వైపే చూస్తూ, టెంటు గొంతు కాకుండా, లిడియా చాలా ఏళ్లుగా వినని ఒక గొంతుతో అన్నాడు.

"నువ్వు పోతే వాపసు రావు."

గోరుచిక్కుడు విరగడం ఆగింది. గోడ మీది తల కూడా, మర్యాదకు, కొంచెం కిందికి దిగింది.

ఇన్నేళ్ల స్కూటర్లూ, నడుములూ, బోల్టులూ ఆ ఒక్క మాట కోసమేనని లిడియాకు అప్పుడు అర్థమైంది. అదే మాటను ఎన్నడో ఒకనాడు, అన్నం ముందు కూర్చుని, మామూలుగా చెప్పి ఉంటే ఆమె నవ్వేది. ఎక్కడికి పోతానని అనేది. కౌడిపల్లికి పొద్దున పోయి సాయంత్రం వచ్చి, కూర వండి పెట్టేది. ఆ నవ్వు కోసం ఆమె ఇప్పుడు కూడా వెతికి చూసింది. దొరకలేదు.

"గా ముచ్చట నాకు ఇప్పటిదాక తట్టలే," అంది. "మీరు అన్నంక తట్టింది."

మోషే కారు కింద నుంచి బయటికి వచ్చాడు. సమ్మె విరమిస్తున్నట్టు ప్రకటన ఏమీ చేయలేదు. చొక్కా దులుపుకుని, ఆమె చేతిలోని తీగ తీసుకుని, గొట్టం తనే కట్టాడు. ఆమె కడితే సరిగ్గా ఉండదన్నాడు. జాకీ పెట్టి, ఇటుకలు లాగి, బండిని కూడా తనే దించాడు. జాకీ దించడం ఆడవాళ్ల పని కాదన్నాడు. తీసిన ఇటుకలను గోడ వారగా పేర్చాడు. పెళ్లాం వెళ్లిపోవడానికి ఇంత పద్ధతిగా బండి సిద్ధం చేసిన భర్త ఆ వీధిలో ఇంకొకడు లేడు. అన్నీ అయ్యాక ఒక్కటే అడిగాడు. ఆ సప్పుడుతో టెంటు ముందు నుంచి పోవద్దు, వెనక గల్లీ నుంచి పొమ్మన్నాడు.

"టెంటు ముంగట్నుంచే పోత," అంది లిడియా. "ఆ నలుగురు ఎవరో చూడాలని ఉన్నది."

సీట్లో కూర్చుని అద్దాలు దించి తాళం తిప్పింది. కారు గర్జించింది అనడం చిన్నమాట. ట్రాక్టరు, పిండిగిర్నీ, పెళ్లి బ్యాండు కలిసి ఒకే గొంతుతో మాట్లాడినట్టు మాట్లాడింది. వీధి కుక్కలు లేచి, దేని మీద మొరగాలో తెలియక ఒకదానిమీద ఒకటి మొరిగాయి. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎవరింట్లోకీ తొంగిచూడని పెద్దమనుషులంతా, సప్పుడు గురించి ఆరా తీసే బాధ్యత మీద, గేట్ల దాకా వచ్చారు. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో గొంతు పైకి లేవలేదని వీధంతా చెప్పుకునేది.

లిడియా గేరు వేయబోయింది. పక్క తలుపు తెరుచుకుంది.

వజ్రమ్మ. చేతిలో సంచి. చాట కడప మీదే ఉంది, గోరుచిక్కుడు సగమే తుంచి ఉంది. సంచి మాత్రం అప్పటికప్పుడు సర్దింది కాదు, నిండుగా, మూతి దారంతో కట్టి ఉంది. ప్లాస్టిక్ సీటు మీద కూర్చుని, తలుపు వేసుకుని, ముందుకే చూస్తూ ఉండిపోయింది.

లిడియా ఇంజను ఆపలేదు. కౌడిపల్లి దారిలోనే కాబట్టి, అక్కడ దించాలా వదినా అని అడిగింది. ఆ సప్పుడులో రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"కౌడిపల్లిల ఆపకు," అంది వజ్రమ్మ. "దాటినంక నీకొక సంగతి చెప్త. గీడ చెప్తే నువ్వు బండి దిగుతవు."

ఆ మాట మోషేకు వినబడిందో, అక్క పెదవుల కదలికే చాలిందో తెలియదు. మసి మరకల మధ్య అతని ముఖం సున్నం వేసినట్టు పాలిపోయింది. భార్య పోతానన్నప్పుడు కూడా లేవని కాళ్లు ఇప్పుడు పరుగెత్తాయి. గేటుకు అడ్డంగా వచ్చి, రెండు చేతులూ బానెట్ మీద ఆనించి నిలబడ్డాడు.

"అక్కా, దిగు."

అతను లిడియా వైపు చూడటం లేదు. మిగతాది వచ్చే వారం.